రెక్క కింద నీలి చార

పదకొండవ భాగం

పోయిన వారం పాఠకులు నన్ను సాకేత్‌లోని ఒక కమ్యూనిటీ హాలులో, పదిహేడో నంబరు బల్ల ముందు, ఓడిపోయిన మనిషిగా వదిలి వెళ్ళారు. వదిలిన చోటే ఉన్నాను. ఓడిపోయానన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేదు. డెబ్బై రెండేళ్ళు వచ్చాక అటువంటి అలవాటు కొత్తగా చేసుకోవడం కష్టం.

మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం జరిగినది చెబుతాను. నా తమ్ముడు బసవపున్నయ్య ఢిల్లీ పొలిమేరలోని ఒక ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులో పద్దెనిమిదేళ్ళు మెకానిక్కుగా పనిచేశాడు. 1986 డిసెంబరు పదహారున ఆ క్లబ్బు పసుపు రంగు శిక్షణ విమానం కూలిపోయి, రంగనాథ్ అనే ఇరవయ్యేళ్ళ విద్యార్థి మరణించాడు. రెక్కలోని ట్యాంకు నుంచి వచ్చే గొట్టం జాయింటు దగ్గర పెట్రోలు కారిపోయి ఇంజను ఆగిందని తేలింది. విచారణలో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సదాశివరావు ప్రమాణం చేసి చెప్పాడు: ఆ విమానంలో అంతకు ముందు ఏనాడూ పెట్రోలు కారలేదట, ముందురోజు సాయంత్రం మెకానిక్కు జాయింటు విప్పి సరిగా బిగించకుండా వదిలేశాడట. వారం పైగా కారుతూనే ఉందని, విమానాన్ని ఆపమని తాను మొత్తుకున్నానని నా తమ్ముడు చెప్పాడు. ఇన్‌స్ట్రక్టరు మాట నిలిచింది. మెకానిక్కు లైసెన్సు పోయింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళుగా నా తమ్ముడు సరోజినీ నగర్‌లో కూతురి ప్రభుత్వ క్వార్టరులో, ఒక పిల్లవాణ్ణి చంపినవాడిగా బతుకుతున్నాడు.

ఆ విమానం ఇప్పుడు పదిహేడో నంబరు బల్ల మీద ఉంది. నమూనా అది, నిజమైనదానిలో ముప్పై రెండో వంతు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు జానెడున్నర. చేసినవాడు సుధీంద్ర, అనంతపురం కుర్రవాడు, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల సంతలో ఆ ఫ్లయింగ్ క్లబ్బు పాత సావనీరు ఒకటి అతనికి దొరికింది. ముఖచిత్రంగా ఆ విమానం, దాని రెక్క కింద నవ్వుతూ నిలబడ్డ సదాశివరావు. ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందు, వార్షికోత్సవం నాడు తీసిన ఫొటో. సుధీంద్ర ప్లాస్టిక్ కిట్టు తెప్పించి, ఆ ఫొటోలో ఉన్నది ఉన్నట్టుగా ఆరు నెలలు కూర్చుని తయారు చేశాడు. అవే అక్షరాలు, అదే వెలిసిన పసుపు, కుడి రెక్క కింద అదే నీలి చార. విమానాల పెట్రోలుకు నీలి రంగు కలుపుతారు. అది ఆరినా జాడ విడిచిపెట్టదు.

ఆ చార చూసిన రోజు నా తమ్ముడికి సాక్షి దొరికిందనుకున్నాను. నిన్న సాయంత్రం సుధీంద్ర ఒక్క మాటతో నా ఆశను ఊడ్చేశాడు: “అది కారింది కాదు మేడమ్. ట్యాంకు నింపేటప్పుడు మూతకాడ పొంగి, రెక్క వెనకంచు మీంచి కిందికి జారింది. అన్ని విమానాలకూ ఉంటుంది. దానివల్ల ఏం ప్రమాదం లేదు.”

కథ అక్కడ ఆగింది. నేను ఆగలేదు. ఆదివారం పొద్దున పదిన్నరకు మొదటి వరుసలో, నడవా పక్క కుర్చీలో కూర్చున్నాను. బసవపున్నయ్యను కూడా లాక్కొచ్చాను. వాడు ఉన్ని టోపీ చెవుల మీదికి దించుకుని చిట్టచివరి వరుసలో, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“ఎందుకక్కయ్యా ఈ తిరునాళ్ళకి నన్ను తీసుకొచ్చావు?” అన్నాడు గుమ్మంలో.

“నువ్వు చేసిన తప్పేమిటో నాకు తెలిసేదాకా నువ్వు తలవంచుకోవడం నాకు ఇష్టం లేదు. పద.”

వేదిక మీద ఒకే ఒక్క మనిషి. తెల్ల శాలువా కప్పుకున్న కాంతమ్మ. చనిపోయిన రంగనాథ్ తల్లి. వరంగల్లు మనిషి, భర్త కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి పోయాడు. విమానాలంటే ప్రాణమిచ్చిన కొడుకు పేరిట ఏటా ఈ నమూనాల పోటీకి ఆమె ఒక వెండి కప్పు ఇస్తుంది. ఆమెకు నేనెవరో తెలుసు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఆ పొద్దున పదిహేడో బల్ల దగ్గర ఆగి, విమానం మీది అక్షరాలను తాకకుండా వేలితో గాలిలో రాసిందట. సంగతి నిన్ననే తెలిసిన సుధీంద్ర బెదిరిపోయి, పోటీ నుంచి తీసేస్తానన్నాడట. “ఉండనీ బిడ్డా. అందరితోని పాటే చూడనీ” అందట ఆమె.

చూడవలసినవాడు సదాశివరావే. ఇప్పుడు ఈ నమూనాల క్లబ్బుకు అధ్యక్షుడు, పోటీకి న్యాయనిర్ణేత. అరవై ఎనిమిదేళ్ళు, నీలం బ్లేజరు, ఒక చేతిలో మైకు, రెండో చేతిలో పెన్ను టార్చి, జేబులో పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం. నమూనాను ఎత్తకుండా దాని అడుగు భాగం చూడటానికి ఆ అద్దం.

ఈ పోటీలో ఒక పద్ధతి ఉంది. చేసినవాడు తాను ఆధారం చేసుకున్న ఫొటోలను బల్ల మీద పెట్టాలి. విమానం మీద ఎక్కడ ఏ మరక పెట్టినా, ఏ గీత గీసినా, అది ఎలా వచ్చిందని న్యాయనిర్ణేత అందరి ఎదుటా అడుగుతాడు. జవాబు లేని మరకకు మార్కులు కోస్తాడు. నలభై ఏళ్ళు బడిలో పరీక్షలు పెట్టిన దాన్ని. ఇంత న్యాయమైన నియమం నేను ఇంకొకటి ఎరగను. మనుషుల మీద మరకలు వేసేవారికి ఇటువంటి నియమం ఎవరూ పెట్టలేదు.

సదాశివరావు బల్ల వెంట బల్ల కదులుతున్నాడు. క్లబ్బు కార్యదర్శి పృథ్వీరాజ్ చేసిన యుద్ధ విమానం దగ్గర ఆగి, తోక మీద టార్చి వేశాడు.

“పృథ్వీ, ఈ వెండి పెచ్చులేమిటోయ్?”

“పెయింట్ చిప్పింగ్ సర్. రంగు ఊడిపోయి కింద మెటల్ కనిపిస్తోంది.”

“అచ్ఛా. ఈ విమానం తోక దేంతో చేస్తారు?”

పృథ్వీరాజ్ తోక మీదికి వంగి చూశాడు.

“గుడ్డ! చట్రం మీద బిగించిన గుడ్డ! గుడ్డకి రంగు ఊడితే కింద వెండి ఎక్కడి నుంచి వస్తుంది? మీ ఆవిడ పట్టుచీర అంచు కత్తిరించి కుట్టావా?”

హాలంతా నవ్వింది. పృథ్వీరాజ్ కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడినా. కాని నేను గమనించినది వేరు. సదాశివరావు వెటకారం చేయడంతో ఆగలేదు. అయిదు నిమిషాలు అక్కడే నిలబడి, గుడ్డ మీది రంగు ఎండకు ఎలా పగులుతుందో, ఆ పగుళ్ళను ఏ కుంచెతో ఎలా చూపాలో, చివరికి తన పెన్నుతో కాగితం మీద గీసి మరీ చూపించాడు. వెనక బల్లల వాళ్ళు ఆవులించారు, ఆయనకు పట్టలేదు.

గుంటూరు కాన్వెంటులో మా సిస్టర్ ఆగ్నెస్ తరగతిలో దొంగను పట్టడానికి ప్రశ్న వేసేది కాదు. నల్లబల్ల మీద లెక్క తప్పు చేసి, అలా వదిలేసి, కిటికీలోంచి తోట వైపు చూసేది. జవాబు తెలిసిన పిల్ల ఎంతోసేపు చేతులు కట్టుకుని కూర్చోలేదు. నేను కూడా తరవాత ఆ కిటికీ దగ్గరే నిలబడి నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. అందుకే, సదాశివరావు పదిహేడో బల్ల వైపు తిరిగినప్పుడు, నా చేతిలో ఏ ఆధారమూ లేకపోయినా, నా ప్రాణం కుదురుగానే ఉంది.

“వాహ్,” అన్నాడాయన.

మైకు పక్కన పెట్టి వంగాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. తరవాత మైకు తీసుకుని, నిజం చెప్పాలి, ఎంతో గొప్పగా మాట్లాడాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, తెలుగు కుర్రవాడని గుర్తొచ్చి తెలుగులోకి దిగాడు.

“ఇది నేను నడిపిన బండి. నిజంగా ఇదే. చూడండి, పసుపు రంగు ఎక్కడా ఒకేలా లేదు. రెక్క పైభాగం ఎండకి వెలిసింది, కింద ముదురుగా ఉంది. మెట్టు దగ్గర కుడికాలు పడే చోటే అరిగింది, ఎడమ పక్క అరగలేదు. చక్రాల మీద మట్టి ఎండి పొరలు లేచింది. ఏం వాడావోయ్?”

“చాక్‌పీసులు అరగదీసి పొడి చేసినా సార్. కొంచెం తడిపి అద్దినా. ఆరినాక గోరుతో గీకినా.”

“ఈ మరకలు?”

“ఆయిల్ పెయింటు సార్. చుక్క పెట్టి, తార్పీన్‌లో తడిపిన కుంచెతో గాలి పోయే దిక్కుకు లాగినా. ఒక పొర ఆరినాక ఇంకో పొర. ఫొటోలో యేది ఉండాదో అదే. నా సొంతంగా యేదీ పెట్టలే.”

“శెభాష్.” సదాశివరావు జేబులోంచి అద్దం తీసి రెక్క కింద పెట్టాడు. టార్చి వెలిగించాడు. అద్దంలో నీలి చార నాకు కూడా కనిపించింది. దారం కంటే సన్నం. ఆయన ముఖంలో ఇందాకటి ఆనందమే ఉంది. ఆ వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి.

“ఇక్కడ తప్పు చేశావోయ్.”

“తప్పా సార్?”

“పెద్ద తప్పు. చార రెక్క వెనకంచు నుంచి ఎందుకు మొదలెట్టావు?”

“మూతకాడ పొంగిందనుకున్నా సార్. ఫొటోలో మొదలు కనపడదు. మీ తల అడ్డం ఉంది, ఆ పక్క ఫొటో అయిపోయింది.”

హాలు మళ్ళీ నవ్వింది. సదాశివరావు కూడా నవ్వాడు. “నా తల అప్పుడూ పెద్దదే! కాని మోడలర్ అన్నవాడు అనుకోకూడదు, తెలుసుకోవాలి. పొంగిన పెట్రోలైతే పల్చగా, వెడల్పుగా పరుచుకుంటుంది. ఇది చూడు. సన్నగా, ఒకే దారిన, మళ్ళీ మళ్ళీ నడిచిన చార. నువ్వే మూడు పొరలు వేశావు కదా? పాత పొర వెలిసిపోయింది, దాని మీద దుమ్ము అంటుకుంది, ఆ దుమ్ము మీద కొత్తది. నీ కుంచె నిజం చెప్పింది, నీ బుర్ర వినలేదు.”

“అయితే యాడ మొదలవుతుంది సార్?”

“ఇక్కడ.” పెన్ను మొనతో రెక్క విమానం ఒంటికి కలిసే చోటు చూపించాడు. “ట్యాంకు గొట్టం జాయింటు. దాని పక్కనే, చిరిగిన రెక్క గుడ్డకు వేసిన బొటనవేలంత మాసిక ఒకటి ఉండేది, అదీ నువ్వు వెయ్యలేదు. పెట్రోలు ఆ మాసికను చుట్టుకుని రెండు పాయలుగా దిగేది. ఒక పాయ రెక్కను మోసే ఈ ఊతకర్ర వెంబడి కిందికి. రెండోది తలుపు మీదికి. తలుపు తీసినప్పుడల్లా చేతికి వాసన కొట్టేది. సబ్బుతో కడిగినా పోయేది కాదు. ఇది వేసి ఉంటే, కాంతమ్మ గారి కప్పు నీదే అయ్యేది.”

ఆయన టార్చి ఆర్పాడు. అద్దం జేబులో పెట్టుకున్నాడు. పద్దెనిమిదో బల్ల వైపు ఒక అడుగు వేశాడు.

నేను లేచి నిలబడ్డాను.

“సదాశివరావు గారూ, నాకొక సందేహం.”

ఆయన వెనుదిరిగి, నన్ను గుర్తుపట్టి, మర్యాదగా నవ్వాడు. “ఛాయాదేవి గారా! ప్రశ్నలకి లంచ్ తరవాత టైమ్ పెట్టామండీ.”

“ఇది చిన్న ప్రశ్న. ఫొటోలో ఆ చోటు కనిపించదు. మీ తల అడ్డం ఉందని ఇప్పుడే అందరం నవ్వుకున్నాం. మీకెలా తెలిసింది?”

ఒక క్షణం ఆయనకు ప్రశ్న ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఆ అర్థమవడాన్ని నేను కళ్ళారా చూశాను; ముందు నవ్వు పోయింది, తరవాత రంగు పోయింది. కాని ఆయన సామాన్యుడు కాడు. గొంతు ఏమాత్రం చెదరనివ్వలేదు.

“ఈ రకం విమానాలన్నీ అక్కడే కారతాయండీ. జనరల్‌గా చెప్పాను.”

“మాసికలు జనరల్‌గా ఉండవు.”

“చూడండి...”

“ఆ మాసిక నా తమ్ముడు డిసెంబరు మూడున వేశాడు. విచారణ నివేదిక నాలుగో పేజీలో ఆ తేదీ చెప్పినది మీరే. విమానం పదహారున కూలింది. కూలాక రెక్క గుడ్డంతా కాలిపోయింది, ఆ గొట్టం జాయింటు తప్ప చూడటానికి ఏమీ మిగల్లేదు. మాసికను చుట్టుకుని పెట్రోలు కారడం మీరు చూశారంటే ఆ పదమూడు రోజుల్లోనే చూసి ఉండాలి. ముందురోజు సాయంత్రం జాయింటు విప్పి వదిలేశాడన్నారు. ఆ రాత్రి విమానం షెడ్డులో ఉంది, తెల్లవారగానే ఎగిరింది. తలుపు తీసినప్పుడల్లా మీ చేతికి వాసన ఎప్పుడు కొట్టిందండీ?”

వెనక వరుసలో ఖురానా గారనే పెద్దమనిషి పక్కవాణ్ణి గట్టిగానే అడిగాడు: “క్యా హువా జీ? నంబర్ కాట్ దియే క్యా?” తెలుగు రాని ఆయనకు, మార్కులు కోశారేమోనని సందేహం.

“చుప్ రహియే,” అని ఆయన్ను ఊరుకోబెట్టాడు పక్కవాడు.

పృథ్వీరాజ్ చేతులు జోడించుకుని నా దగ్గరికి వచ్చాడు. “ఆంటీ, ప్లీజ్. ఇది హాబీ క్లబ్బు. కోర్టు కాదు కదా.”

“విచారణలో దొరకనిది ఇక్కడ దొరికింది నాయనా. నువ్వు వెళ్ళి కూర్చో. నీ తోకకు ఇంకా చాలా పని ఉంది.”

అతను కూర్చున్నాడు.

“సుధీంద్రా,” అన్నాను. ఆ పిల్లవాడు ఉలిక్కిపడి, బడిలో హాజరు పిలిచినట్టు నిటారుగా నిలబడ్డాడు. “ఆ చారకు మూడు పొరలు వేశావు. ఎందుకు మూడు?”

“ఫొటోలో మూడు రంగులు ఉన్నాయి మేడమ్.”

“మొదటి పొర వెలిసి, దాని మీద దుమ్ము చేరి, మళ్ళీ తడవడానికి ఎన్నాళ్ళు పట్టాలి? తెలిస్తేనే చెప్పు.”

సుధీంద్ర సదాశివరావు వైపు చూశాడు. రెండేళ్ళుగా ఆయన దగ్గర ఈ విద్య నేర్చుకుంటున్నవాడు. కప్పు కూడా ఆయన చేతిలోనే ఉంది. అతన్ని నేను తొందరపెట్టలేదు. న్యాయాన్ని పిల్లల చేత బలవంతంగా పలికించకూడదు. అలా పలికించినది నిలవదు.

“సారే నేర్పించినారు మేడమ్,” అన్నాడు చివరికి, నెమ్మదిగా. “రంగు వెలవాలంటే ఎండ కావాల. చలికాలం ఎండకు ఒకటి రెండు రోజుల్లో వెలవదు. ఈ ఫొటో తీసే పొద్దుకే అది మూడు నాలుగు రోజులుగా కారతా ఉండాలి. అంతకంటే తక్కువైతే కాదు.”

“థాంక్యూ. కూర్చో.”

“నేను కూర్చోను మేడమ్,” అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలిసినట్టు లేదు. విమానం పక్కనే నిలబడి ఉండిపోయాడు.

సదాశివరావు మైకును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. “ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. నాకు ఏది ఎప్పుడు చూశానో...”

“సార్.”

ఆ మాట మైకులోంచి రాలేదు. వేదిక మీది నుంచి వచ్చింది. కాంతమ్మ శాలువా సర్దుకుని, కుర్చీ చేతుల మీద బరువు ఆన్చి లేచి నిలబడింది.

“మీరు చూసిన్రా?”

“అమ్మా, అది ఇప్పుడు ఈ సభలో...”

“ఏటేట ఈ సభల్నే గద సార్, మీరు నా పక్కన కూసునేది. చూసిన్రా, చూడలేదా?”

నేను ఏళ్ళ తరబడి ఎన్నో ప్రశ్నలు వేశాను. అటువంటి ప్రశ్న మాత్రం నా వల్ల అయ్యేది కాదు. సదాశివరావు ఆమె ముఖం చూడలేక, పెన్ను టార్చి వైపు చూశాడు.

“చూశాను.”

“ఎన్ని దినాలు?”

“పది... పన్నెండు రోజులు.”

“మెకానిక్కు చెప్పిండా మీకు?”

“చెప్పాడు. వార్షికోత్సవం అయ్యాక చూద్దామన్నాను. పెద్దవాళ్ళు వస్తున్నారు, ఉన్నది ఒక్క విమానం. తరవాత... తరవాత రోజూ ఎగురుతూనే ఉంది కదా, ఏమీ కాలేదు కదా అనుకున్నాను.”

“తెలిసి నా కొడుకును అందులనే ఎక్కిచ్చిన్రు.”

అది ప్రశ్న కాదు. నా తమ్ముడు చెప్పినది అక్షరాలా నిజమని, చెప్పవలసిన మనిషి నోటి నుంచే, వినవలసిన మనిషి చెవిలో పడింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను, కూర్చోలేదు.

సదాశివరావు మైకును బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు ఆయనది ఒట్టి గొంతు, అంత పెద్దదేమీ కాదు.

“ఒప్పుకున్నాను ఛాయాదేవి గారూ. మీకు ఎక్కడ కావాలంటే అక్కడ రాసిస్తాను. కాని మరక ఎలా వచ్చిందని అడిగే ఆ పద్ధతి నాకొక్కడికేనా? మీ తమ్ముణ్ణి మీరు ఒక్కటంటే ఒక్క ప్రశ్న ఎప్పుడైనా అడిగారా?”

“ఏమని?”

“ఈ ఫొటో ఎవరు తీశారని.”

సావనీరు వైపు చూశాను. ముఖచిత్రం కింద ఏ పేరూ లేదు.

“కెమెరా క్లబ్బుది. పట్టుకున్నది బసవపున్నయ్య. నన్ను రెక్క కింద నిలబడమన్నాడు, నవ్వమన్నాడు. నేను నా అందం కోసం అనుకున్నాను, పిచ్చివాణ్ణి. అతను తీసింది చారను. అసలు ఫొటో అతని దగ్గరే ఉంది. విచారణ నాలుగు నెలలు నడిచింది. ఆ ఫొటో బల్ల మీద పెట్టి ఉంటే ఆ రోజే నా పని అయిపోయేది. ప్రతి వాయిదాకి, ఈ రోజు పెడతాడు, ఈ రోజు పెడతాడు అని చచ్చేవాణ్ణి. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు ఇప్పటికీ తెలియదు.”

నేను వెనక్కి తిరిగాను.

చిట్టచివరి వరుసలో బసవపున్నయ్య ఉన్ని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు లేచి నిలబడి ఉన్నాయి. నిర్దోషి అని ఇప్పుడే తేలిన మనిషి ముఖం అలా ఉండకూడదు.

“పున్నయ్యా. ఆయన చెప్పింది నిజమా?”

“నిజమే అక్కయ్యా.”

“ఫొటో నువ్వే తీశావా?”

“నేనే తీశాను. పనికొస్తుందనే తీశాను.”

“మరి ఎందుకు చూపించలేదు? ఇరవై ఏళ్ళు! మీ ఆవిడ ఆ దిగులుతోనే పోయింది. నీ కూతురి పెళ్ళికి మన ఊరివాళ్ళు సగం మంది రాలేదు. ఒక్క ఫొటో, ఒక్కటి, నీ పెట్టెలో పెట్టుకుని...”

“అచ్చులో వచ్చింది సగమే అక్కయ్యా,” అన్నాడు. “సావనీరుకి ఇచ్చేటప్పుడు సైజు కోసం వాళ్ళే కత్తిరించారు. చార మొదలు, జాయింటు, కత్తిరించిన ఆ రెండో సగంలో ఉన్నాయి. విచారణలో పెడితే మొత్తం ఫొటో పెట్టాలి. పెట్టలేకపోయాను.”

“ఏముంది అందులో?”

వాడు నా వైపు చూడలేదు. నన్ను దాటి, బల్లలను దాటి, వేదిక వైపు చూశాడు.

కాంతమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది. సుధీంద్ర చెయ్యి అందించబోతే వద్దంది. బల్లల మధ్య నడవాలో, ఎవరి నమూనాకూ శాలువా కొంగు తగలకుండా ఒడిసిపట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. నా పక్కనుంచే వెళ్ళింది. చివరి వరుస దాకా వెళ్ళి, నా తమ్ముడి పక్క కుర్చీలో కూర్చుంది. వాడు లేవబోయాడు. ఆమె వాడి మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఇరవై ఏండ్లు నీ మొఖం చూడొద్దనుకున్న తమ్మీ,” అంది. “ఇప్పుడు చూస్తున్న. నా కొడుకు ఉన్నడు గద ఆ ఫొటోల?”

బసవపున్నయ్య తల ఊపాడు.

“జాయింటు కాడనే ఉన్నడా?”

“అక్కడే ఉన్నాడమ్మా. స్టూలు మీద నిలబడి.”

“వాని చేతుల ఏమున్నది?”

“ఆ ఫొటో పెడితే నేరం చచ్చిపోయిన పిల్లవాడి మీద పడేదమ్మా,” అన్నాడు వాడు. ఆమె వాడి మోచెయ్యి వదల్లేదు.

“పానా, అమ్మా,” అన్నాడు బసవపున్నయ్య.